టీబీ కాదన్న రోజు

మా ఆయన రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. ఇంటి ముందు పెట్టుకునే నేమ్‌ప్లేట్లు, గుడిలో దాతల పేర్ల పలకలు, శంకుస్థాపన రాళ్లు, ముస్లిముల సమాధుల తలవైపు నిలబెట్టే కత్బాలు, ఎవరు ఏది అడిగితే అది. పురానాపూల్ దర్వాజాకు కాస్త ఇవతల, రోడ్డు మీదే దుకాణం. దుకాణమంటే ముందు రేకుల పందిరి, వెనక ఒక చిన్న గది, అంతే. మా మామగారు, ఆయన తండ్రి కూడా అక్కడే కూర్చుని చెక్కారట. ఇల్లు ఆ వెనక గల్లీలోనే. నేను పెళ్లయి వచ్చిన కొత్తల్లో సుత్తి చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుండేది. చప్పుడు ఆగితే మా అత్తమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

ఆయనకు ఉర్దూ మాట్లాడటం బాగా వచ్చు గానీ చదవడం రాదు. కత్బాల మీద అక్షరాలు ఒక భాయ్ రాసేవాడు. హుస్సేనీ ఆలం నుంచి సైకిల్ మీద వచ్చి, సన్న కుంచెతో రాయి మీద పసుపు రంగులో రాసిచ్చేవాడు. మా ఆయన ఆ గీతల వెంట ఉలి నడిపేవాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఆ దుకాణంలోనే పెరిగినవాళ్లు. తెలుగు రాళ్లు మాత్రం నా వంతు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. సాయంత్రం బడి నుంచి వస్తుంటే దుకాణం ముందు నన్ను ఆపేవాడు.

"ఇగో, ఒక్కసారి సూసిపో. కాయితం మీద తప్పైతె కొట్టేస్తం. రాయి మీద తప్పైతె రాయే పాయె."

నేను వంగి ఒత్తులూ దీర్ఘాలూ చూసేదాన్ని. 'జ్ఞాపకార్థం' అనే మాటను ఎన్ని రాళ్ల మీద సరిదిద్దానో గుర్తు లేదు.

తర్వాత జనానికి నల్ల గ్రానైట్ మీద మోజు పట్టింది. షాబాద్ బండ, పాలరాయి లొంగినట్టు అది ఉలికి తొందరగా లొంగదు. ఆయన కరెంటు కటింగ్ మిషన్ తెచ్చుకున్నాడు. చేత్తో పట్టుకుని నడిపేది, గుండ్రటి బ్లేడు తిరుగుతూ రాయిని కోసేస్తుంది. వారం పట్టే పని ఒక పూటలో అయిపోయేది. కానీ పొడి మాత్రం పిండి గిర్నీలో లేచినట్టు లేచేది. పక్కనే మిఠాయి దుకాణం. ఆ సేటు వచ్చి జిలేబీ మీద దుమ్ము పడుతోందని లొల్లి పెట్టాడు. సేటు బాధ సేటుది. మా ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకునే మనిషి కాదు. మర్నాడే పందిరికి మూడు వైపులా ప్లాస్టిక్ పట్టాలు కట్టేశాడు. దుమ్ము రోడ్డు మీదికి రావడం ఆగిపోయింది. అదంతా లోపలే ఉండిపోయింది, ఆయనతో, భాయ్‌తో. ఇద్దరూ మూతికి దస్తీ కట్టుకునేవాళ్లు. పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా చేశాడని అత్తమ్మ కొడుకును మెచ్చుకుంది కూడా.

సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కనుబొమ్మలు, రెప్పలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. మా పాపకు అప్పటికింకా బడి ఈడు రాలేదు. "బాపు ముసలోడైండు!" అని చప్పట్లు కొట్టి, ఎగిరి మెడకు చుట్టుకునేది. స్నానం చేసి వస్తానన్నా వదిలేది కాదు. ఇద్దరినీ కలిపి వాకిట్లో నిలబెట్టి నేను నీళ్లు పోసేదాన్ని.

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మొదట దుమ్ముకు వచ్చే దగ్గే అనుకున్నాం. తర్వాత ఆదివారాలు దుకాణం మూసినా దగ్గు ఆగలేదు. నీళ్ల బిందె తెచ్చి గడపలో దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేవాడు. షర్టు భుజాలు కిందికి జారడం మొదలైంది. అత్తమ్మ దిష్టి తీసింది. నేను మా దగ్గర్లోని ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫిలిం తీయించి, వెలుతురుకు ఎత్తి చూసి, "టీబీ" అన్నాడు. మా బస్తీలో ఆ జబ్బు కొత్త కాదు కాబట్టి మాకు అనుమానం కూడా రాలేదు. "గోళీలు బరాబర్ వేసుకుంటే నయమైతది, ఫికర్ లేదు" అని కూడా అన్నాడు.

ఆ రోజే అత్తమ్మ ఆయనకు వేరే కంచం, వేరే గ్లాసు తీసిపెట్టింది. అయితే అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే. ఎక్కడ పాపకు అంటుతుందోనని తన పరుపు చుట్టుకుని దుకాణం వెనక గదికి వెళ్లిపోయాడు. నేను వద్దన్నాను.

"పిల్లకు అంటితె నేను బతికుండీ ఏం ఫాయిదా?" అన్నాడు. "నయమైనంక వస్త తియ్యి. ఎంతసేపు?"

ఆ గదిలో మిషన్లు, ఉలులు, సగం చెక్కిన రాళ్లు. గోడల మీద, కిటికీ చువ్వల మీద, పరుపు మీద అదే పొడి. పగలంతా పట్టాల మధ్య పీల్చిందే చాలదన్నట్టు రాత్రుళ్లు కూడా అందులోనే పడుకున్నాడు, బిడ్డను కాపాడుకోవడానికి. ఇప్పుడు తలచుకుంటే నాకు అన్నిటికంటే అదే మింగుడుపడదు.

అన్నానికి ఇంటికి వచ్చేవాడు గానీ గడప దాటేవాడు కాదు. వాకిట్లో స్టూలు మీద కూర్చుని తినేవాడు. పాప మొదట్లో ఏడ్చింది. పరుగెత్తబోతే అత్తమ్మ రెక్క పట్టుకుని ఆపేది. ఆయన కూడా చెయ్యి అడ్డం పెట్టి, "ఆడనే ఉండు బిడ్డా, ఆడికెల్లే చెప్పు" అనేవాడు. పాప లోపలి నుంచే పద్యం అప్పజెప్పేది, డ్రాయింగ్ పుస్తకం ఎత్తి చూపించేది. కొన్నాళ్లకు ఏడవడం మానేసింది. ఇంకొన్నాళ్లకు, చెప్పకుండానే దూరంగా నిలబడటం అలవాటు చేసుకుంది.

గోళీల కోర్సు అయిపోయింది. దగ్గు పోలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టారు, ఈసారి సూదులు కూడా. ఆయన కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి, అన్నం వాసనకే వాంతి వచ్చేది. డాక్టరు కసురుకున్నాడు.

"నడుమ నడుమ ఎగ్గొడుతున్నవు గదా? నిజం చెప్పు."

"అమ్మతోడు సార్, ఒక్కటి గూడ ఇడ్వలే" అని ఆయన చిన్నపిల్లాడిలా ఒట్టు వేశాడు. మందులు వేసుకుంటూనే పనికి పోయేవాడు. కోర్సు మీద కోర్సుగా ఏళ్లు అలాగే గడిచాయి.

చివరికి భాయ్ పట్టుబట్టాడు. ఒక రోజు కుంచె పక్కన పడేసి నా దగ్గరికి వచ్చాడు. "భాభీ, ఈ డాక్టర్‌ను ఛోడ్ దో. పెద్ద సర్కారీ దవాఖానాకు తీస్కపోదాం. నేను గూడ వస్తా. గిట్ల చూస్కుంట కూసునుడు నాతోని అయితలేదు."

అక్కడ ఛాతీ జబ్బులు చూసే డాక్టరు నా వయసు ఆవిడే. పాత ఫిలిములన్నీ వరసగా పెట్టుకుని చూసింది. ఆయన చెయ్యి తీసుకుని తిప్పి, అరచేతిలో కాయలు కట్టిన చోట వేలితో తడిమింది.

"ఏం పని చేస్తరు?"

"రాళ్లు చెక్కుత మేడం."

"మిషన్ తోనా?"

ఆయన తలూపాడు. కళ్లె పరీక్షలు మళ్లీ చేయించింది, స్కానింగ్ రాసింది. రిపోర్టులన్నీ వచ్చాక మేమిద్దరం వెళ్లాం. అవి చదివి తలెత్తి, "మీకు టీబీ లేదు. పాత పరీక్షలల్ల గూడ ఎక్కడా దొరకలే. అసలు ఎన్నడూ లేదనే నాకనిపిస్తున్నది" అంది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అంటె మేడం... నా బిడ్డను ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవచ్చు. మీకున్నది ఒకరికెల్లి ఒకరికి అంటేది కాదు. కూసోండి, చెప్త..."

ఆయన కూర్చోలేదు. రెండు చేతులూ జోడించి దండం పెట్టి, జేబులోంచి ఫోను తీస్తూ వరండాలోకి వెళ్లిపోయాడు. తలుపు మూసుకునేలోపు "అమ్మా, టీబీ గాదంట!" అన్న మాట వినిపించింది. మిగిలినదంతా ఆవిడ నాకొక్కదానికే చెప్పింది. రాతిపొడి లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో కూరుకుపోయిందని, అక్కడ మచ్చలు కట్టి గట్టిపడిందని, దాన్ని సిలికోసిస్ అంటారని. మందు ఏమిటని అడిగాను.

"దగ్గుకు, ఆయాసానికి ఇస్త. లోపలున్న పొడిని తీసే మందు లేదమ్మా. పని ఇయ్యాల్టికెల్లే బంద్ చేయాలె. బంద్ చేసినా అది ఆగుతదని చెప్పలేను."

టీబీ అయితే నయమయ్యేది. ఆ మాట ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

ఆటోలో ఆయన నా చెయ్యి వదలలేదు. మధ్యమధ్య దగ్గుతూనే నవ్వుతున్నాడు. మిఠాయి దుకాణం ముందు ఆటో ఆపించి జిలేబీ కట్టించాడు. ఎప్పుడూ పలకరించని సేటు కూడా కౌంటరు దాటి వచ్చి, "చలో అచ్ఛా హువా భాయ్" అని భుజం తట్టాడు. ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ పట్టుచీర కట్టుకుని ఉంది. ఇన్నేళ్లూ మా గడప తొక్కడానికి వెనకాడిన ప్రతి ఇంటికీ తనే పళ్లెం పట్టుకుని తిరిగింది. "నా కొడుక్కు ఏం లేదు, ఏం లేదు" అని ప్రతి గుమ్మంలో చెప్పి మరీ జిలేబీ పెట్టింది. అదే సమయానికి గల్లీలోకి వచ్చిన పాతసామాను బండివాణ్ణి ఆపి, ఆ వేరే కంచం, గ్లాసు బండిలోకి విసిరికొట్టింది. నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉన్నాను. నా చేతిలో కూడా ఎవరో జిలేబీ పెట్టారు.

పాప బడి నుంచి వచ్చింది. అప్పటికి నా భుజం దాకా ఎదిగింది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని చేతులు చాపాడు.

"రా బిడ్డా. ఇగ ఏం గాదు. రా."

పాప పుస్తకాల సంచీ దించకుండా అలాగే నిలబడింది. వాళ్ల నాయనమ్మ వైపు తిరిగి, "పోవాల్నా?" అని అడిగింది. అత్తమ్మ ముందుకు తోసింది. వెళ్లి ఆయన ముందు కూర్చుంది. ఆయన దగ్గరికి తీసుకుంటే, టైలరు కొలతలు తీసుకుంటున్నప్పుడు నిలబడినట్టు చేతులు రెండూ పక్కలకు ఆనించుకుని బిగుసుకుపోయింది. ముఖం కొద్దిగా పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్లుగా మేము నేర్పిందే అది. ఆయనకు అర్థమైంది. "పో, పోయి కాళ్లు చేతులు కడుక్కో" అని మెల్లగా వదిలేశాడు.

మర్నాడు పొద్దున నేను బడికి సెలవు పెట్టి దుకాణానికి వెళ్లాను. వెనక గదిలోంచి పరుపు బయటికి తీసి ఎండలో వేసి, దులపబోతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అక్కడే, రాళ్ల మధ్య కూర్చోబెట్టి డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆయన ఎదురుగా ఉన్న గ్రానైట్ పలక వైపు చూశాడు. దాని మీద ఒక పేరు సగం వరకే చెక్కి ఉంది.

"అమ్మకు చెప్పకు," అన్నాడు. "జిలేబీ పంచింది."

తర్వాత కొంతసేపటికి, "పట్టాలు కట్టింది నేనే గదా" అన్నాడు.

పని మానడం అన్నంత సులువు కాలేదు. ముందు పట్టాలు విప్పేసి, నీళ్లు పోస్తూ కోద్దామని చూశాం. వెంటనే మానలేమంటే, నీళ్లు పోస్తే పొడి లేవదని డాక్టరే చెప్పింది. నేను సెలవు రోజుల్లో పైపు పట్టుకుని బ్లేడు మీద నీళ్లు పట్టేదాన్ని. నిజంగానే పొడి లేవలేదు, బూడిదరంగు బురద కాలువలా కిందికి కారేది. కానీ నీళ్లకు భాయ్ రాసిన అక్షరాలు కూడా కారిపోయేవి. ముందుగా మేకుతో గీసుకుని కోయడం మొదలుపెట్టారు. ఒక రోజు మా ఆయన తడిచేత్తో మిషన్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వెనక్కి పడ్డాడు. కరెంటు కొట్టింది. భాయ్ మెయిన్ స్విచ్ తీసేయబట్టి బతికాడు. అదే ఆఖరు. మళ్లీ ఉలి పట్టాడు గానీ నాలుగు దెబ్బలు వేసేసరికి ఆయాసం వచ్చేది.

ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉండేవాడు. ఆయన దుకాణం మీది పేరు చెక్కింది మా ఆయనే. సంగతి తెలిసి పిలిచి, "ఊకె కూసుండి వచ్చేపోయే బస్తాలు చూస్కో అన్నా" అని గల్లా పక్కన కుర్చీ వేయించాడు. మంచి మనిషి. కానీ అవి మిర్చి బస్తాలు. బస్తా దించినప్పుడల్లా లేచే ఘాటుకు మామూలువాళ్లే తుమ్ముతారు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆయన పెదవులు నల్లబడ్డాయి. ఆ వ్యాపారే ఆటోలో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. "తప్పైంది చెల్లె, నాకు సోయి లేకపాయె" అని నాకు చెప్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ఉన్నాడు. గాలి అందించే మిషన్ ఒకటి మంచం పక్కకు చేరింది. కరెంటు పోతే అందరం ఆయన ముఖమే చూస్తూ కూర్చునేవాళ్లం. అత్తమ్మకు మేము చెప్పలేదు గానీ ఆమెకు తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక రోజు తనంతట తనే, "వాళ్ల నాయిన గూడ గిట్లనే దగ్గి దగ్గి పోయిండు. బీడీలతోని అనుకున్నం" అంది.

పాప ఆ రోజుల్లో ఎనిమిదో తరగతి. ఆయన దగ్గరికి వచ్చేది, మందులు అందించేది, కానీ మంచానికి ఒక అడుగు దూరంలో ఆగిపోయేది. ఆ అడుగు దాటించడానికి ఆయన ఎప్పుడూ బలవంతం చేయలేదు. ఒక ఆదివారం పొద్దున కాస్త తేలిగ్గా ఉందని, "నా రాళ్లు సూసొద్దాం, వస్తవా?" అని పాపనే అడిగాడు. మాకు తెలిసిన ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. ప్రతిచోటా ఆటోలోంచి దిగే ఓపిక ఆయనకు లేదు. ఫలానా గల్లీ, ఫలానా తలుపు అని చెప్తుంటే పాప దిగి వెళ్లి పేరు చదివి, వచ్చి చెప్పేది. ఒక హకీం గారి ఇల్లు, ఒక వకీలు ఇల్లు, ఒక చిన్న హనుమాన్ గుడి. ఒకచోట వెళ్లి, కాసేపు వెతికి, ముఖం చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చింది.

"బాపు, ఆడ లేదు. ఇల్లు కూలగొట్టిన్రు. కొత్త బిల్డింగ్ లేస్తున్నది."

"పోనియ్యి," అన్నాడాయన. "మంచి నల్లరాయి అది. మస్తు సతాయించింది నన్ను."

పాప నవ్వింది. తిరిగి వచ్చాక ఆటో మా గల్లీ మొదట్లోనే ఆగింది. నేను వెంట తీసుకెళ్లిన చిన్న ఆక్సిజన్ సిలిండరు దించుకుంటున్నాను. ఆయన దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు, ఊపిరి అందక. నేను కేకేసేలోపే పాప వెళ్లి ఆయన చంక కింద తల దూర్చి, చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ అలాగే, ఆగుతూ ఆగుతూ, ఇంటిదాకా నడిచారు. నేను కావాలనే వెనక ఉండిపోయాను.

ఆ తర్వాతి చలికాలం ఆయన దాటలేదు. దవాఖానలో చివరి వారం మాట్లాడలేకపోయాడు. పాప పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే ఉంది. పోయింది పొద్దున పూట, నర్సు మంచం దుప్పటి మారుస్తున్నప్పుడు. పురానాపూల్ శ్మశానానికి భాయ్ కూడా వచ్చాడు. పొగకు దగ్గు వచ్చి మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. గేటు దగ్గర గోడ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడని, అంత్యక్రియలకు ఊరి నుంచి వచ్చిన మా మరిది చెప్పాడు.

ఆ దగ్గు సంగతి నాకు తెలుసు. దినాలు అయ్యాక హుస్సేనీ ఆలంలో భాయ్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. దవాఖానకు పోదాం రమ్మంటే భాయ్ తల అడ్డంగా ఊపాడు.

"నక్కో భాభీ. తెల్సుకుని ఏం చెయ్యాలె? నా దోస్తు తెల్సుకున్నడు. ఏమైంది?"

"పాపతో నడిచిండు," అన్నాను. "టీబీ అనుకుంటనే పోతె, దూరం నుంచి సూసుకుంటనే పోతుండె."

ఆయన భార్య లోపలికి వెళ్లి ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

అదే డాక్టరు చూసింది. ఫిలింలో మచ్చలు ఉన్నాయి, కానీ మా ఆయనకు ఉన్నంత లేవు. ఇప్పటికైనా దుమ్ముకు దూరంగా ఉంటే కొన్నేళ్లు బాగానే లాగవచ్చు అంది. భాయ్ ఆ తర్వాత రాయి దగ్గరికి పోలేదు. మా దుకాణం మిషన్లతో సహా కొంటానని ఒకతను వచ్చాడు. అత్తమ్మ ఇవ్వలేదు. మిషన్లను అమ్మడానికి కూడా ఒప్పుకోలేదు, వాటిని ఏం చేసిందో నాకు తెలియదు. దుకాణం అద్దెకు తీసుకుని ఇప్పుడు ఒకావిడ పూలు అమ్ముతుంది.

భాయ్ లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడు. మొన్న పాపకు కాలేజీ ఫంక్షన్‌కు గాజులు కొనడానికి వెళ్తే కనిపించాడు. నిచ్చెన మీద నిలబడి ఎర్రరంగుతో పెద్ద పెద్ద ఉర్దూ అక్షరాలు రాస్తున్నాడు. మమ్మల్ని చూసి కుంచె ఊపి, దిగడం మొదలుపెట్టాడు. సగం మెట్లు దిగి ఆగాడు. నిచ్చెనకు నుదురు ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. పాప అటు వెళ్లబోయింది. నేను ఆపి, పక్క దుకాణంలో వేలాడుతున్న గాజుల తోరణాలు చూస్తున్నట్టు నిలబడ్డాను, ఆయన తనంతట తను కిందికి వచ్చేదాకా.